ఓడెక్కి వచ్చిన చెక్క

మద్రాసులో దొరలు తొడుక్కున్న బూట్ల తోలు ఏ గొడ్డుదో నాకు తెలియదు. ఆ తోలును పదునుచేసిన తంగేడు చెక్క మాత్రం మాది. పుల్లలచెరువు దాపున మా పల్లెల్లో పుట్టిన ఏ ఆడమనిషిని అడిగినా ఈ మాటే చెప్తుంది. రెండు వానలు పడి తంగేడు పొదలు పచ్చబడినాయంటే ఇంటిల్లిపాదీ కొడవళ్ళు తీసుకొని బయలుదేరేవాళ్ళం. కొమ్మలు నరికి, బండ మీద పెట్టి కొయ్యతో తట్టి, పై బెరడు చెక్కగా ఒలిచి, ఎండబెట్టి, మోపులు కట్టేవాళ్ళం. ఒలిచేటప్పుడు కారే రసం కొడవలి ఇనుముకు తగిలి నల్లగా మారేది. ఆ నలుపు చేతులకు పట్టిందంటే బూడిదతో తోమినా, పులిసిన మజ్జిగతో కడిగినా పొయ్యేది కాదు. పెండ్లిళ్ళకు పోయినప్పుడు మా ఊరి ఆడవాళ్ళు చేతులు కొంగు కింద దాచుకునేవాళ్ళు. మా అమ్మ దాచుకునేది కాదు. "దొంగతనం చేసిన చేతులా ఏంది, దాచుకునేదానికి?" అనేది.

మాకు ముప్పై మేకలు, నాలుగెకరాల మెట్ట ఉండేవి. వాన పడితే కొర్రలు, సజ్జలు. పడకపోతే ఎర్రమట్టి. మేకలు మా తిండికి, చెక్క మా బట్టకూ ఉప్పుకూ. వానకాలం పోయేలోపల నాలుగైదు మార్లు బండి కట్టి దొనకొండకు తోలుకుపోయేవాళ్ళం. పోయేదానికి రెండు దినాలు పట్టేది. అక్కడ రైలు స్టేషను వెనకాల ఒక సాయిబు మండీ ఉండేది. చుట్టుపక్కల పల్లెల మేకతోళ్ళూ మా తంగేడు చెక్కా కొని ఆయన గూడ్సు బండిలో మద్రాసుకు పంపేవాడు. ఇంట్లోవాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవాడు. నాయనను తమ్ముడా అనేవాడు, నన్ను బేటీ అనేవాడు.

నాకు పదేండ్లప్పుడు మా అత్త వచ్చింది. అప్పటిదాకా నాకొక అత్త ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మధ్యాన్నం పూట. ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకొని, కాళ్ళకు నల్ల బూట్లు తొడుక్కొని, మోచేతుల దాకా రవికె వేసుకున్న ఒక ఆమె మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఊరి కుక్కలన్నీ ఆమె వెంటే వచ్చినాయి. మా తాత పేరు చెప్పి, "ఇది ఆయన ఇల్లేనా? ఏల అట్ల చూస్తారు? లోనికి రానీయరా?" అనింది.

ఆ మాటతీరు విని మంచంలో ఉన్న మా అవ్వ లేచి కూర్చుంది. 'ఎందుకు' అనకుండా 'ఏల' అనేది, 'లోపలికి' అనకుండా 'లోనికి' అనేది మా అవ్వ చిన్నప్పటి ముసలోళ్ళు. ఆ మాటలు ఊళ్ళో వినిపించక ఎన్నేండ్లో అయింది.

సంగతి తరువాత తెలిసింది. నాయన పుట్టకముందు, పెద్ద కరువులో, మా తాత తమ్ముడు ఊరు వదిలి పోయినాడు. మద్రాసులో ఒక కాగితం మీద వేలిముద్ర వేసి, ఆఫ్రికాలో నాటాల్ అనే చోటికి చెరుకు తోటల పనికి ఓడెక్కినాడు. ఆ కాగితాన్ని వాళ్ళు గిరిమిటి అనేవాళ్ళు. గిరిమిటి అయిదేండ్లు. అయిదేండ్లు అయిపోయినా ఆయన తిరిగి రాలేదు. అక్కడే పెండ్లి చేసుకున్నాడు, అక్కడే బిడ్డ పుట్టింది, అక్కడే మన్నయినాడు. ఆ బిడ్డే మా అత్త. ఆమె మగడు గూడా చనిపోయినాక, అక్కడి దొరతనం వాళ్ళు 'మీ దేశానికి మీరు పోండి, ఛార్జీ మేమిస్తాము' అన్నారంట.

"పుట్టింది ఆడ. పొమ్మనేదీ ఆడే," అనింది అత్త. "మా నాయన ఎప్పుడూ ఒక ఊరి పేరు చెప్పేవాడు. అదేందో చూద్దామని వచ్చినాను."

ఊళ్ళో పెద్దలు వచ్చినారు. సముద్రం దాటిన మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ఎట్ల అన్నారు. ప్రాయశ్చిత్తం చేయాలన్నారు, విందు పెట్టాలన్నారు. మా నాయన నెమ్మది మనిషి, ఎవరికీ ఎదురు చెప్పేవాడు కాదు. ఆ దినం మాత్రం భుజం మీది గొంగడి తీసి అరుగు మీద వేసి, "ఈమె మా చిన్నాయన బిడ్డ. మా ఇంటి బిడ్డ. మీకు ఇబ్బందైతే మా ఇంటికి రావద్దు," అన్నాడు. కొందరు నిజంగానే రావడం మానేసినారు. మా అమ్మ, "పోనీలే, మజ్జిగ మిగులుతుంది," అనింది.

అత్తకు నాటాల్‌లో మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదువు అబ్బింది. అంతా ఇంగ్లీషు. నోటికి తెలుగు వచ్చు గానీ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మా ఊళ్ళో మగవాళ్ళలోనే చదువొచ్చినవాళ్ళు ముగ్గురో నలుగురో. ఆ ముగ్గురు నలుగురికీ రాని ఇంగ్లీషు వచ్చిన ఆడమనిషి మాతో కలిసి పొదల్లో చెక్క ఒలిచేది. ఒలిచేటప్పుడు చూడాలి ఆమెను. మేము రెండు మోపులు కట్టేలోపల ఆమె మూడు కట్టేది. చెక్క చిట్లేది కాదు, చివరిదాకా ఒకే పట్టీగా వచ్చేది. "ఎక్కడ నేర్చుకున్నావు వదినా?" అని అమ్మ అడిగితే, "ఆడ వేరే చెట్టు," అని ఊరుకునేది.

మరుసటేడు దొనకొండలో సాయిబు మా బండి దగ్గరికి రాలేదు. మేమే లోపలికి పోయినాము. ఆయన తల పట్టుకొని కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, మూలనున్న గోతం నుంచి ఒక చెక్క ముక్క తెచ్చి నాయన చేతిలో పెట్టినాడు. మందంగా, గట్టిగా, లోపల ఎర్రగా ఉంది.

"మద్రాసు సేట్లు పంపినారు తమ్ముడా. ఇది దొరికినంక తంగేడు చెక్కతో పనేముంది అంటున్నారు. దీంట్లో సత్తువ ఎక్కువంట. ధర గూడా తక్కువంట."

"ఏ అడివిది?" అన్నాడు నాయన.

"మన అడివి కాదు. ఆఫ్రికాది. ఓడలో వస్తాది."

అమ్మకు మండింది. "ఓడెక్కి సముద్రం దాటి వచ్చిన చెక్క చవకా? ఎద్దుల బండి మీద రెండు దినాల్లో వచ్చిన మా చెక్క పిరమా? ఇదెక్కడి లెక్క అన్నా?"

"ఆ లెక్క వేసేవాళ్ళు నాకంటే శానా పైన ఉన్నారమ్మా. నేను సగం ధర ఇయ్యగలను. అదీ మీ మొహం చూసి."

అంతలో అత్త నాయన చేతిలోంచి ఆ ముక్క తీసుకుంది. వాసన చూసింది. ఒక అంచు పంటితో కొరికి, ఉమ్మేసింది. ఆమె మొహం నాకు ఇంకా కండ్లల్లోనే ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇది వాటిల్ చెక్క," అనింది. "ఆడ తెల్లోళ్ళు తోటలు తోటలుగా వేస్తారు. పన్నెండేండ్లు నేను ఒలిచినాను దీన్ని. మా ఆయన దీన్ని పొడి చేసే మిల్లులో పని చేసి, ఆ దుమ్ము రొమ్ముకు పట్టే పోయినాడు." సాయిబు ఏందో అనబోతే ఆగమని చెయ్యి చూపింది. "ఇది ఏల చవకో మీకు తెలుసునా? సత్తువా కాదు, గిత్తువా కాదు. ఒలిచినోళ్ళకు ఏమీ ఇయ్యరు గనక చవక. నన్ను ఆడి నుంచి పొమ్మన్నారు. వచ్చినాను. నా వెనకాలే ఇదీ వచ్చింది, ఈడ గూడా నా నోటికాడి కూడు తీసేదానికి."

సాయిబు తలొంచుకున్నాడు. ఆయన్ను తప్పుపట్టే పని లేదు. ఆయన మండీలో గూడా ఆ ఏడు పనివాళ్ళు సగం మందే ఉన్నారు.

అమ్మ బండి దగ్గరికి నడిచి, "ఎద్దులు కట్టు," అనింది నాయనతో.

"సగానికైనా ఇచ్చిపోదామే," అన్నాడు నాయన.

"సగానికి ఇచ్చి వచ్చే ఏడు పావలా వంతుకు అడిగించుకోమంటావా? పొయ్యిలో పెట్టుకుంటా గానీ ఇయ్యను."

నిండు బండి మళ్ళీ రెండు దినాలు నడిపించి ఇంటికి తెచ్చినాము. దారిలో ఎదురైన వాళ్ళంతా, దొనకొండ వైపు పోవాల్సిన చెక్క ఇటు వస్తుందేందని నవ్వినారు. ఆ ఏడు మా పొయ్యిలో తంగేడు చెక్కే మండింది. అది తెలివైన పనా అంటే చెప్పలేను. ఆ ఏడు మాకు కొత్త బట్టలు లేవు, ఉప్పు గూడా చూసి చూసి వేసుకున్నాము. అయినా మా అమ్మ ఆ పని చేసిందని చెప్పుకునేటప్పుడు నాకు ఈనాటికీ తల వంగదు.

మరుసటి ఎండాకాలం రంగూను మేస్త్రి వచ్చినాడు. బియ్యం మిల్లుల్లో పనికి మనుషులు కావాలని పల్లె పల్లె తిరుగుతున్నాడు. తెల్ల కోటు, చేతి గడియారం. చావిడి దగ్గర కూర్చొని, రంగూనులో వీధి దీపాలు రాత్రంతా వెలుగుతాయనీ, మూడు పూటలా వరన్నమేననీ చెప్పినాడు. మా ఊళ్ళో వరన్నం అంటే పండగే. చెక్క బేరం పోయి ఇండ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. నాయన గూడా పోయి కూర్చున్నాడు. రానుపోను ఖర్చులు అన్నీ మేస్త్రివేనంట. కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలంట.

నేనూ అత్తా నీళ్ళకు పోతూ అక్కడ ఆగినాము. సిరా గుడ్డ మీద నాయన బొటనవేలు అప్పటికే నల్లబడింది. అత్త కడవ దించి, "ఆ కాగితం ఒకసారి ఇట్ల ఇయ్యండి," అనింది.

"ఆడోళ్ళకు కాగితాలెందుకమ్మా?" అన్నాడు మేస్త్రి నవ్వుతూ.

"చదివేదానికి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినారు. మేస్త్రి గూడా నవ్వుతూనే ఇచ్చినాడు. అత్త కాగితం ఎండకు పట్టుకొని ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం చదివి, దాని అర్థం తన పాతకాలం తెలుగులో చెప్పింది. మేస్త్రి నవ్వు ఆగిపోయింది. నేను మనుషుల మొహాలు చూస్తూ ఉండే రకం. ఆయన మొహంలో భయం చూసినాను. తెల్ల కోటు, గడియారం ఉన్న మగమనిషి, బూట్లు విడిచి ఉట్టి కాళ్ళతో కడవ పక్కన నిలబడిన మా అత్తను చూసి భయపడినాడు.

చదవడం అయినాక అత్త కాగితం మడిచి, "ఇందులో అబద్ధమేమీ రాసి లేదు," అనింది. "ఎన్ని నెలలో రాసి ఉంది. మేస్త్రిని వదిలి పోకూడదని రాసి ఉంది. ఓడ ఛార్జీ ఇస్తామని రాసి ఉంది. రానుపోను అని మీరు నోటితో చెప్పినారు. కాగితంలో పోను ఉంది గానీ, రాను లేదు. రాను గూడా రాయండి. అప్పుడు పోయేవాళ్ళు పోతారు."

"నువ్వెవరు నాకు చెప్పేదానికి?" అని మేస్త్రి లేచినాడు.

"రాను లేని కాగితానికి పుట్టిన బిడ్డను," అనింది అత్త.

నాయన సిరా బొటనవేలు గొంగడికి తుడుచుకొని ఇంటికి వచ్చేసినాడు. అయిదు కుటుంబాలు మాత్రం పోయినాయి. వాళ్ళు తెలివి తక్కువవాళ్ళని నేను ఏనాడూ అనలేదు. అందులో ఒకాయన నాలుగేండ్లకు వచ్చి మిద్దె కట్టినాడు. ఒక కుటుంబం సంగతి మళ్ళీ తెలియనే లేదు. ఇద్దరన్నదమ్ములు, యుద్ధంలో జపాను వాళ్ళు రంగూను మీద పడినప్పుడు, కొండలూ అడవులూ పట్టుకొని నడిచి వచ్చి, బతికి బయటపడినారు.

ఆ సాయంత్రం మేకలకు కొమ్మ కొడుతూ, "నాకు నేర్పు అత్తా," అన్నాను.

"ఏమి?"

"నువ్వు చేసిందే. ఆయన మొహం అట్ల అయ్యేది."

అత్త చానాసేపు నవ్వింది. నవ్వి, మరుసటి దినమే మొదలుపెట్టింది. మార్కాపురంలో పలకల గనుల దగ్గర పగిలిన ముక్కలు గుట్టలుగా పారేసి ఉండేవి. నాయన సంతకు పోయినప్పుడు వాటిలో బాగున్నవి ఏరి తెచ్చినాడు. ఆ ముక్కల మీద నేను అ ఆలు కాదు, ఏ బీ సీ డీలు దిద్దినాను. ఏడాది తిరిగేసరికి కిరసనాయిలు డబ్బాల మీద, అగ్గిపెట్టెల మీద, దొనకొండ స్టేషనులో గూడ్సు పెట్టెల మీద ఏమి రాసి ఉందో చదివేదాన్ని. తెలుగులో మాత్రం నా పేరు గూడా రాయలేను.

మాకు మూడు మైళ్ళ దూరంలో జిల్లా బోర్డు స్కూలు ఉండేది. అమ్మా, అత్తా నన్ను అక్కడికి తీసుకుపోయినారు. హెడ్మాస్టరు అరుగు మీదే నిలబెట్టినాడు. నాకు పదమూడో ఏడు.

"ఇంత పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలా? మేకలు మేపుకునేదానికి చదువెందుకు? ఏమన్నా వచ్చునా?"

గోడకు మద్రాసు రాజధాని పటం తగిలించి ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఉన్న ఊర్ల పేర్లు పైనుంచి కిందికి చదివినాను. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు. తెలుగు వాచకం ఇచ్చి చదవమన్నాడు. ఒక్క అక్షరమూ గుర్తుపట్టలేకపోయినాను. లోపల పిల్లలు పగలబడి నవ్వినారు.

"తెలుగు రానిదానికి ఇంగ్లీషు దేనికి?" అన్నాడు.

"ఆమెకు రానిది నేర్పేదానికే గదా సామీ మీరు ఈడ ఉండేది," అనింది అత్త.

ఆయనకు కోపమొచ్చింది. ఆడపిల్లలను ఇంత వయసులో చేర్చుకునేది లేదు, పొమ్మన్నాడు. అప్పుడు మా అమ్మ ముందుకొచ్చింది. అమ్మకు ఏ అక్షరమూ రాదు. నల్లటి రెండు చేతులు ఆయన ముందర చాపి, "అయ్యా, శిస్తు కట్టేటప్పుడు బడి సెస్సని మాకాడ గూడా తీసుకుంటారు. ఇది మేకలోళ్ళ డబ్బు, మాకొద్దని ఎప్పుడన్నా పక్కన పెట్టినారా?" అని అడిగింది.

హెడ్మాస్టరు లోపలికి పోయి, రిజిష్టరు తెచ్చి, "తండ్రి పేరు చెప్పు," అన్నాడు.

ఆయన గురించి ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. చేర్చుకున్నంక నన్ను ఆయన తక్కువగా చూడలేదు. అందరికీ ఎన్ని దెబ్బలో నాకూ అన్నే. ఆరు నెలల్లో తెలుగు పట్టుబడింది. ఏడాదికి రెండేసి తరగతులు దాటించి, అయిదు అయినాక ఆయనే మార్కాపురం బడికి ఉత్తరం రాసిచ్చినాడు.

మార్కాపురంలో ఉండేదానికి ఇల్లు కావాలి. మా వాళ్ళంటూ అక్కడ ఎవరూ లేరు. దొనకొండ సాయిబుకు సంగతి తెలిసి, అక్కడ తన అక్క ఇల్లుందని, పంపమని కబురు చేసినాడు. చెక్క బేరం చెడినా ఆయనకు మా మీద మనసు చెడలేదు. సాయిబుల ఇంట్లో పిల్లను పెడతారా అని మా ఊరు మళ్ళీ లేచింది. అయినా పంపినారు. సాయిబు అక్క మొదటి దినం మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, "మా ఇంట్లో తాగితే నీ కులం పోతాదేమో బేటీ, ఆలోచించుకో," అని నవ్వింది.

"మా అత్త దాన్ని ఎప్పుడో సముద్రంలో పారేసి వచ్చిందిలే పెద్దమ్మా," అని గటగటా తాగేసినాను.

ఆ ఇంట్లో మూడేండ్లున్నాను. బడి వదిలినంక ఆమెతో కూర్చొని మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని. నా పుస్తకాలకు అదే ఆధారం. ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్ష పాసయినాక, ఆడ టీచర్లు దొరకడం లేదని దొరతనం వాళ్ళు స్టైపెండు ఇచ్చి ట్రైనింగు ఇస్తున్నారని తెలిసింది. కర్నూలు పోయినాను. రెండేండ్లు. మా తరగతిలో మేకల ఇంటి పిల్లను నేనొక్కతెనే. 'మీ ఇంటి వాసన ఇంకా పోలేదే' అని ఒక అమ్మాయి ముక్కు మూసుకుంటే, 'పోకూడదనే వాసన నూనె రాసుకోవడం లేదు' అన్నాను. మళ్ళీ అనలేదు.

ట్రైనింగు అయి ఇంటికొచ్చి ఉద్యోగం ఆర్డరు కోసం చూస్తున్నప్పుడు యుద్ధం ముదిరింది. ఓడలు సిపాయిలనూ తుపాకులనూ మోసే పనిలో పడినాయి. ఆఫ్రికా చెక్క రావడం తగ్గిపోయింది. సిపాయిలకు బూట్లు మాత్రం కావాలి. ఒక ఉదయం బండి గంటలు వినిపించి బయటికొస్తే దొనకొండ సాయిబు. గడ్డం తెల్లబడింది. బేరమున్నప్పుడు ఎప్పుడూ మేమే ఆయన దగ్గరికి పోయేవాళ్ళం, ఆయన మా గడప తొక్కడం అదే మొదలు.

అమ్మ చాటలో సజ్జలు చెరుగుతూ ఉంది. లేవలేదు. "రా అన్నా, కూర్చో," అని చెరుగుతూనే ఉంది.

"చెక్క కావాలమ్మా. ఎంతైనా సరే. పాత ధర ఇస్తాను."

"పాత ధర పాతకాలానిది."

సాయిబు నవ్వినాడు. అమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రానికి చుట్టూ నాలుగు పల్లెల ఆడవాళ్ళు మా వాకిట్లో చేరినారు. ఎవరు పిలిచినారో తెలియదు. చెక్క ఒలవకముందే ధర చెప్పాలన్నారు. తూకం దొనకొండలో కాదు, మా ఊళ్ళోనే, మా కండ్ల ముందరే జరగాలన్నారు. పచ్చిగా ఉందనీ, దుమ్ముందనీ కోత పెట్టకూడదన్నారు. అత్త నన్ను చూసి, "రాయి. రానుపోను రెండూ రాయి," అనింది. తెలుగులో రాసినాను. అందరికీ వినబడేటట్టు చదివినాను.

సాయిబు రెండు దినాలు ఆలోచించుకుంటానని పోయినాడు. ఆ రెండు దినాల్లో దర్శి నుంచి ఇంకో వ్యాపారి వచ్చి, నాలుగిండ్లకు చాటుగా పోయి, 'మీకు మాత్రం ఎక్కువిస్తా, వాళ్ళతో కలవద్దు' అని ఆశపెట్టినాడు. ఆ నాలుగిండ్లలో ఒకటి విధవరాలిది, ముగ్గురు బిడ్డలు. ఆమె ఆయన్ను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, "మా అక్కలను అడిగి చెప్తాను," అని నేరుగా మా ఇంటికి వచ్చి చెప్పేసింది. ఆ వ్యాపారి మళ్ళీ కనబడలేదు. సాయిబు వచ్చి కాగితం మీద సంతకం చేసినాడు. "మద్రాసు సేట్లు మీకంటే మెత్తనోళ్ళమ్మా," అన్నాడు.

"వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే అన్నా," అనింది అమ్మ.

యుద్ధం అయిపోయినాక ఆఫ్రికా చెక్క మళ్ళీ వచ్చింది, మా ధర మళ్ళీ పడింది. అది మా చేతుల్లో లేదు. అయితే ఆ నాలుగైదేండ్లలో మా ఇంటి మేకలు రెట్టింపయినాయి. ఆ విధవరాలి పెద్దకొడుకు బడికి పోయినాడు. చేతిలో ఉన్నప్పుడు గట్టిగా పట్టుకున్నాము, అంతే.

నా ఉద్యోగం ఆర్డరు సాయిబు మా ఇంటికి వచ్చిన ఏడు చివర్లోనే వచ్చింది. గిద్దలూరు అవతల, నల్లమల అంచున ఒక ఊరు. పెండ్లి కాని ఆడపిల్ల ఒంటిగా ఎట్ల ఉంటుందని నాయన బెంగపడినాడు. "నేను పోతాను," అని అత్త ఇనుప పెట్టె సర్దుకుంది.

బస్సు దిగి అయిదు మైళ్ళు నడిచి పోతే, ఊరిపెద్ద బడి ముందరే ఎదురైనాడు. "మేము మగ టీచరును అడిగినాము," అన్నాడు.

"బోర్డు వాళ్ళు నన్నిచ్చినారు," అన్నాను.

"మీకు ఈ ఊళ్ళో ఇల్లు దొరకదు. ఈమె ఎవరో సముద్రం దాటిన మనిషంట గదా." ఆ మాట మా కంటే ముందు ఎట్ల చేరిందో నాకిప్పటికీ తెలియదు.

ఊరంతా తిరిగినాము. ఖాళీ ఇండ్లు మూడున్నాయి, తాళాలు వేసి. ఎవరూ ఇయ్యలేదు. పొద్దు వాలే వేళకు అత్త బడి అరుగు మీద పెట్టె దించి, మూడు రాళ్ళు ఏరి తెచ్చి పొయ్యి పెట్టింది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

"ఏల ఏడుస్తావు?" అనింది అత్త, కొర్రలు కడుగుతూ. "ఓడలో నెల దినాలు పడుకున్నాను. ఈ అరుగు కదలడం గూడా లేదు గదా."

రెండు దినాలు ఒక్క బిడ్డా రాలేదు. నేను తలుపు తీసి, గంట కొట్టి, ఖాళీ గదిలో కూర్చునేదాన్ని. మూడో దినం ఒక ఆమె కొంగులో ఏందో దాచుకొని వచ్చింది. మగడు రంగూనులో ఉన్నాడంట. ఆయన రాయించిన ఉత్తరం వచ్చి నాలుగు నెలలైందంట. ఊరిపెద్దతో చదివిస్తే ఊరంతా తెలుస్తుందని చదివించలేదంట. నేను తలుపు దగ్గరగా వేసి, ఆమెకు మాత్రమే వినబడేటట్టు చదివినాను. అందులో ఏముందో చెప్పను. అది ఆమెది. మరుసటి దినం తన ఇద్దరు ఆడపిల్లలనూ పంపింది. వారం దాటేసరికి పదకొండు మంది అయినారు.

ఇల్లు మాత్రం ఇయ్యలేదు. మేమూ మళ్ళీ అడగలేదు. చలికాలం వచ్చేలోపల, ఆ పదకొండు మంది తల్లులు కప్పుకు బోద గడ్డి మోసుకొచ్చినారు, అడివి వెదుళ్ళు తెచ్చినారు. బడి స్థలంలోనే అత్తా నేనూ ఒక కొట్టం వేసుకున్నాము. ఊరిపెద్ద గిద్దలూరు పోయి అర్జీ పెట్టినాడు. బోర్డు నుంచి శ్రీముఖం వచ్చింది: ఎవరి అనుమతితో బోర్డు స్థలంలో కొట్టం వేసినారో వారం లోపల రాతమూలకంగా తెలపాలని.

అదే దినం జవాబు రాసినాను. ఈ ఊళ్ళో టీచరు ఉండేదానికి బోర్డు వారు ఒక ఇల్లు చూపించిన మరుదినం కొట్టం పీకేస్తాము, అని. దాని కింద నా సంతకం. సంతకం పక్కన, సాక్షి అని, మా అత్త.

జవాబు రాలేదు. ఆ కొట్టంలో ఏడేండ్లున్నాము.